వాచ్‌మన్ భార్య గెలిచిన ఎన్నిక

మా అమీర్‌పేట అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్య 2024 జనవరిలో సర్కారు బడి యాజమాన్య కమిటీకి పోటీ చేసింది. జెండాల్లేవు, బిర్యానీ పొట్లాల్లేవు... తల్లిదండ్రులు చేతులెత్తారు, గెలిచింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, మొత్తంలో సగం ఆడవాళ్ళు. గ్రాంటు ఎలా ఖర్చయిందో అడగొచ్చు. సంతకాలకే పిలుస్తారని కొందరంటారు, చాలాచోట్ల నిజమే కావచ్చు. అయినా అడిగే హక్కంటూ ఉందిగా!

మరి నాకో? పంజాగుట్టలో మా పాప ఎల్‌కేజీ. ఫీజు పెంచినప్పుడల్లా వాట్సాప్‌లో ఏడుపు బొమ్మ పెట్టి, ఇ.ఎం.ఐ. కడతాను. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడికి ఆ కమిటీ రూలు వర్తించదండీ.

"మీ బళ్ళో మీటింగులో ఏం మాట్లాడతరు సార్?" అనడిగిందావిడ.

పోయినసారైతే, బూట్ల రంగు మారిందని చెప్పి పంపించారు.