వరంగల్ ఇంటిలో ఆక్సిజన్ యంత్రం అమరిన రోజు

గృహ ఆక్సిజన్ చికిత్సలో ఎక్కువగా వాడే కాన్సన్‌ట్రేటర్ అనే యంత్రం ఆక్సిజన్‌ను పుట్టించదు. గదిలోని గాలిని లోపలికి లాగి, అందులో 78 శాతంగా ఉన్న నైట్రోజన్‌ను జియోలైట్ అనే సూక్ష్మరంధ్ర ఖనిజపు గుళికలకు ఒత్తిడితో పట్టించి, 21 శాతంగా ఉన్న ఆక్సిజన్‌ను సుమారు 93 శాతానికి చిక్కపరచి బయటికి పంపుతుంది. వరంగల్‌లోని ఒక మధ్యతరగతి ఇంటిలో ఈ అమరికను పరిశీలించిన రోజున, దాదాపు 15 కిలోల ఆ యంత్రాన్ని ఎక్కడ నిలపాలన్నదే మొదటి చర్చ అయింది. నడకకు అడ్డు రాకూడదని ఇంటివారు దానిని పరదా చాటున గోడ మూలకు నెట్టగా, గాలి తీసుకునే జాలీ మూసుకుపోతే యంత్రం వేడెక్కుతుందని, ఆక్సిజన్ శాతం కూడా పడిపోతుందని చెప్పి మెకానిక్ దానిని గోడకు అడుగు దూరం ముందుకు జరిపించాడు.

ఆ ఇంటి పెద్దావిడ దశాబ్దాల పాటు కట్టెల పొయ్యి పొగ పీల్చిన మనిషి. ఆమెకు ఉన్న సీఓపీడీ అనేది శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకై, ఊపిరితిత్తులలోని గాలి గదులు దెబ్బతినే దీర్ఘవ్యాధి. నిమిషానికి 2 లీటర్ల చొప్పున రోజుకు కనీసం 15 గంటలు అని డాక్టరు చీటీలో రాశారు. రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గిన ఇటువంటి రోగులకు దీర్ఘకాల ఆక్సిజన్ ఆయుష్షును పెంచుతుందని 1980, 1981 సంవత్సరాలలో వెలువడిన అమెరికా, బ్రిటన్ పరిశోధనలు నిరూపించినందువల్లనే ఈ గంటల లెక్క ఏర్పడింది. ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే పెట్టుకునే వాడుక మన ఇళ్లలో కనిపిస్తుంది గాని, అది ఈ చికిత్స ప్రయోజనాన్ని చాలావరకు పోగొడుతుంది.

ప్రవాహమాపకం ఒక నిలువు గాజు గొట్టం. అందులో తేలే చిన్న గుండును కంటికి సమానమైన ఎత్తులో చూసి, దాని నడిమి భాగం 2 గీతపై నిలిచేవరకు మెకానిక్ మీటను తిప్పాడు. తరువాత ముక్కు గొట్టపు రెండు కొసలను గ్లాసు నీటిలో ముంచగా బుడగలు వరుసగా లేచాయి. గాలి వస్తున్నదో లేదో ఇకమీదట ఇంటివారే ఇలా చూసుకోవచ్చు. గాలికి తేమను కలిపే సీసాలో డిస్టిల్డ్ నీటినే, అదీ రెండు గీతల మధ్యనే పోయాలని చెప్పాడు. ఆయాసం ఎక్కువైతే 4కు పెంచవచ్చునా అని కోడలు అడిగినప్పుడు, "డాక్టరు చెప్పకుండా గోలీ రెండోది వేస్తామా అమ్మా? ఇదీ మందే" అన్న అతని జవాబు సర్వథా సరైనది. ఈ వ్యాధి ఉన్న కొందరిలో ఆక్సిజన్ మితిమీరితే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకొని మగత కమ్ముతుంది. అందుకే సాధారణంగా వేలికి పెట్టే ఆక్సీమీటరులో 88 నుంచి 92 వరకు ఉంటే చాలునని వైద్యులు భావిస్తారు.

కరెంటు పోతే వాడుకోవడానికి తెచ్చిన చిన్న సిలిండరులో సుమారు 1500 లీటర్ల వాయువు ఉంటుంది గనుక, నిమిషానికి 2 లీటర్ల ప్రవాహంలో అది పన్నెండున్నర గంటలు వస్తుంది.

అయితే అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకున్నది దేవుడి గూడు. ఆక్సిజన్ తాను మండదు, కాని మండేదానిని భగ్గుమనిపిస్తుంది. చీరలోను దుప్పటిలోను అది కొంతసేపు నిలిచి ఉంటుంది కూడా. అందువల్ల దీపం, అగరబత్తి, పొయ్యి కనీసం 3 మీటర్ల దూరంలో ఉండాలి. ముక్కు ఎండిందని కొబ్బరినూనె, వాసెలిన్ వంటివి రాయకూడదు. ఈ జాగ్రత్తలు చెప్పకుండా యంత్రాన్ని అమ్మి వెళ్లడం రోగి ప్రాణంతో చెలగాటమే. ముప్పై ఏళ్లుగా మంచం ఎదుటనే వెలిగిన దీపాన్ని కదిలించడానికి పెద్దావిడ మనసు ఒప్పుకోలేదు. చివరకు గూటిని తూర్పు గదికి మార్చి, 7 మీటర్ల గొట్టం గడప దగ్గర ఆగేలా అడుగులతో కొలిచి, అక్కడి నుంచి దీపం ఎంత దూరమో మరొకసారి చూసుకున్నారు. సాయంత్రం ఆమె గొట్టంతోనే గడప వరకు నడిచి వచ్చి, తలుపు చట్రాన్ని ఒక చేత పట్టుకొని నిలబడగా, అవతలి గది చివర కోడలు దీపం వెలిగించింది.