వలెన్సియా ప్రయాణ యత్నము

వేసవి సెలవులలో స్పెయిను దేశమునకు బోవ దలచితిమి. అచ్చట చూడదగిన పట్టణములు పెక్కులున్నను, కడియపు కాలువగట్టున పెరిగిన మా మనస్సు వలెన్సియా యందే నిలిచినది. అదియు మన సీమవలె కాలువలును, వరిచేలును గల తావు.

అచ్చటివారు ‘పాయేయా’ యను వంటకమును వెడల్పయిన, లోతు తక్కువ గల పెనమున బియ్యమును, కుంకుమపువ్వును జేర్చి వండుదురు. కోడి, కుందేటి మాంసములు వేయుట వాడుక. కావున శాకాహారులు కూరగాయలతో వండినదానినే ముందుగా నడిగి తెప్పించుకొనవలెను.

అయినను మేము పోవుట భోజనమునకు మాత్రమే గాదు. అచ్చట ప్రతి గురువారము మధ్యాహ్నము పెద్ద చర్చి ద్వారముకడ నీటి న్యాయసభ జరుగును. రైతు లెన్నుకొనిన రైతులే నల్లని అంగీలు ధరించి కూర్చుండి, కాలువనీటి తగవులను నోటిమాటగా విని, అప్పుడే తీర్పు చెప్పెదరు. 2009లో యునెస్కో దీనిని మానవాళి వారసత్వముగా గుర్తించినది.

శివారు చేనికి దాళ్వానీటి వంతు విషయమున మావారికిని, బావగారికిని మాటలు నిలిచి మూడేండ్లయినది. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తయి నీరు వచ్చినది గాని, వంతు పాటించు ఓర్పును మనమే తెచ్చుకొనవలెను గదా! అందుచే గురువారమున కచ్చట నుండునట్లు దినములు లెక్కించి, బావగారికిని, తోడికోడలికిని గూడ టిక్కెట్లు కొనుడని కోరితిమి. మావారు ఔననలేదు, కాదనియు ననలేదు.