దేవదాసు శవాన్ని ఎవరు మోశారు?

ప్రేమ పోయిందని గడ్డం పెంచిన ప్రతి కుర్రాడికీ మన ఊళ్ళలో ఒకటే పేరు. శరత్ 'దేవదాసు' బెంగాలీలో అచ్చయింది 1917లో. 1953లో అక్కినేని సినిమా వచ్చాక అతను మనవాడైపోయాడు. నవల ముట్టనివాళ్ళు కూడా అతని కోసం ఏడ్చారు.

నా విద్యార్థులకు మాత్రం నవలే చదవమంటాను.

అర్ధరాత్రి పరువు పక్కనపెట్టి దేవదాసు గదికి వచ్చింది పార్వతి. తెగువ ఆమెది. అతను అమ్మానాన్నల మాట ఎత్తాడు, కలకత్తా వెళ్ళిపోయాడు, అక్కణ్ణుంచి ఉత్తరం రాశాడు. ఇద్దరూ బ్రాహ్మణులే. అయినా ఆడపిల్లనిచ్చి డబ్బు తీసుకునే ఇల్లని జమీందారు గడపకు ఆమె తక్కువైంది. (మెట్ల మీద మళ్ళీ మెట్లు. అంబేడ్కర్‌ను చదివినవాళ్ళకు ఇది కొత్త కాదు.) తర్వాత మనసు మారి వచ్చాడు. ఈసారి ఆమె కాదంది. చేపలు పట్టే గాలం కర్రతో నుదుటి మీద కొట్టాడు. ఆ మచ్చను ప్రేమ గుర్తు అని వందేళ్ళుగా చెప్పుకుంటున్నాం. 2008లో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోసిన సంగతి తలచుకుంటే నాకు ఆ కర్రే గుర్తొస్తుంది.

ఆ తర్వాత అతను పట్టుకు వేలాడింది పార్వతిని కాదు, తలలో మిగిలిన ఒక బొమ్మని. అసలు పార్వతి అత్తవారింట్లో తనకన్నా పెద్ద పిల్లలకు తల్లయి సంసారం మోస్తోంది. చంద్రముఖి అతని కోసం వృత్తే వదిలేసింది. అతను ఆ బొమ్మకోసం తాగాడు. తాగడానికి తండ్రి ఆస్తిలో వాటా ఉంది. మా వాడలో ప్రేమ పోయినవాడు మర్నాడు పొద్దున్నే కూలికి పోవాల్సిందే. తాగి పోయినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళని తాగుబోతులన్నారు అంతే. ఎవరూ నవల రాయలేదు.

ఇంకో మాట. పోయిన ప్రేమ గురించి ఇన్ని పాటలు రాసుకున్న ఈ నేల మీద మన పిల్లలకు ప్రేమ పోవడం కంటే దక్కడమే ప్రమాదం. 2018, మిర్యాలగూడ. అంతకన్నా ఏం చెప్పను?

నవల చివరి పేజీలు చూడండి. పార్వతి ఊళ్ళో చెట్టుకింద దేవదాసు చనిపోతాడు. బ్రాహ్మణుడి శవమైనా ఊళ్ళో ఎవరూ ముట్టుకోరు. చండాలులు వచ్చి కట్టి తీసుకుపోయి, ఎండిన చెరువు గట్టున సగం కాల్చి వదిలేస్తారు. వాళ్ళకు పేర్లు లేవు, ఒక్క మాటైనా లేదు. చివరి పేరాలో రచయిత మనల్ని దేవదాసు కోసం ప్రార్థించమంటాడు.

ఈ పేజీ క్లాసులో చదివించినరోజు చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "సార్, వాళ్ళకు కూలి ఎవరిచ్చారు?" అంది.

నవల్లో ఆ సంగతి లేదు.