అద్దాల సాయిబు

కంకిపాడు దాటాక కంకర లారీ చక్రం కింద నుంచి ఎగిరొచ్చిన రాయి తగిలి, నాన్న ట్యాక్సీ అంబాసిడర్ ముందద్దం ఒక్కసారిగా తెల్లబారిపోయింది. అప్పటి టఫెండ్ అద్దం పగిలితే కత్తుల్లా చీలదు, పలుకులు పలుకులుగా కూలుతుంది. సీటు సందుల్లో, క్లచ్చి పెడలు కింద, నాన్న చొక్కా జేబులో కూడా పటికబెల్లం ముక్కల్లా అవే. కొన్ని నేను అగ్గిపెట్టెలో దాచుకున్నాను.

ముఖాన దుమ్ము కొడుతుంటే కళ్ళు చికిలించుకుంటూ బెజవాడ ఆటోనగర్ చేరాం. గ్రీజు, వెల్డింగు పొగ, కొత్త రబ్బరు, పక్క కొట్లో మరుగుతున్న అల్లం టీ, అన్నీ కలిసిన గాలి. అద్దాల సాయిబు (అసలు పేరు ఎవరూ అనగా వినలేదు) ఎండకి చెక్కబారిన పాత బీడింగుని చాకుతో కోసి లాగేస్తే, కింద రేకు అంచు తుప్పుపట్టి పొరలుగా లేచి ఉంది.

"ఇంత కారతా ఉంటే వానల్లో ఎట్టా తోలావన్నా?"

నాన్న మోకాళ్ళ మీద పరుచుకునే తువ్వాలు చూపించి నవ్వాడు.

తుప్పు గీకి, రెడాక్సైడు పూసి, అది ఆరేలోపు బిరుసుగా ఉన్న కొత్త బీడింగు మెత్తబడాలని ఎండలో పడేసి, టీ తాగి, అప్పుడు గోనెసంచుల మీద పడుకోబెట్టిన అద్దం చుట్టూ దాన్ని తొడిగి, రేకు అంచు కూర్చునే గాడిలో సబ్బునీళ్ళు రాసి, అందులో సన్నటి నైలాన్ తాడు దూర్చి, కొసలు రెండూ కింద మధ్యలో వదిలాడు. అద్దాన్ని బయటి నుంచి ఆనించారు. కొసలు లోపల కూర్చున్న నాన్న చేతికొచ్చాయి.

"తొందరపడమాక, చిరుగుద్ది."

నాన్న తాడు లాగే కొద్దీ రబ్బరు పెదవి రేకు అంచెక్కి బోర్లా పడుతుంటే, లోపల తాడు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుంటూ సాయిబు బయటి నుంచి సరిగ్గా అక్కడే అరచేత్తో చరిచేవాడు. జిగురు లేదు, మేకు లేదు. ఇప్పటి కార్లకి అద్దాన్ని జిగురుతో అంటిస్తారు; పని గట్టిదే, చూస్తూ నిలబడడానికి మాత్రం ఏమీ ఉండదు.

బకెట్టుతో నీళ్ళు కొట్టి చూశారు. చుక్క రాలేదు.

ఉత్తరపారా కార్ఖానాలో అంబాసిడర్ల తయారీ 2014లో ఆగింది. మా బండి అంతకు చాలా ముందే వెళ్ళిపోయింది. కొనేవాళ్ళు ఇంజను గురించి అడుగుతుంటే నాన్న అద్దం మూలలు బొటనవేలితో నొక్కి చూపిస్తూ, "బీడింగు సాయిబు వేసిందండీ, కారదు. సెల్ఫే, చలికాలం పొద్దున్నే కాస్త మొరాయిస్తుంది" అన్నాడు. ఆ మాటకి వాళ్ళు ధర తగ్గించారు.