లిస్టులో పేరుండాలి



కాశీబుగ్గలో అద్దె గదిలో కూర్చుని సర్వర్లు చూసుకోవడం ఏం పనో అని మొన్న ఇద్దరు ముగ్గురు అడిగారు. అందులో ఒక్క ముక్క చెప్తాను.

వెబ్‌సైటు పేరు కొడితే దాని ఐపీ నంబరు చెప్పేది డీఎన్ఎస్ సర్వర్. ఒక్క పేరు అడిగితే ఎవరికైనా చెప్పాల్సిందే. కానీ "నీ దగ్గరున్న పేర్లన్నీ ఒకేసారి ఇచ్చేయ్" అని కూడా అడగొచ్చు. దాన్ని జోన్ ట్రాన్స్‌ఫర్ అంటారు. రెండో సర్వర్ కాపీ ఉంచుకోడానికి పెట్టిన దారి అది. బయటోడికి దొరికితే మెయిల్ ఎక్కడుందో, టెస్టు సైట్లు ఎక్కడున్నాయో అన్నీ చేతిలో పెట్టినట్టే. ఎవరికి ఇవ్వాలో రాసుకునే జాబితానే ఏసీఎల్. బైండ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ జాబితా రాయకపోతే చాలా ఏళ్లపాటు అడిగినోడికల్లా ఇచ్చేసేది. 2024లో వచ్చిన 9.20 నుంచే రాయకపోతే ఎవరికీ ఇవ్వడం లేదు.

జాబితాని పైనుంచి కిందికి చదువుతుంది, మొదట కుదిరిన లైను దగ్గరే ఆగిపోతుంది. "అందరికీ సరే" పైనుంటే, కింద రాసిన "ఫలానావాడికి వద్దు" దండగ.

నేను వాడే ప్యానెల్‌లో దీన్ని ఎక్స్ఎమ్ఎల్‌తో మార్చొచ్చు. "ఈ అడ్రసు చేర్చు" అని ట్యాగుల మధ్య రాసి పంపితే జవాబూ ఎక్స్ఎమ్ఎల్‌లోనే వస్తుంది. పది సర్వర్లున్నా ఒక్క స్క్రిప్టుతో అయిపోద్ది. ట్యాగు మూయకపోతే మొత్తం తిప్పికొడుతుంది, అది మంచిదే. కానీ స్లాష్ 32 బదులు స్లాష్ 24 రాస్తే కిమ్మనదు. ఒక్క అడ్రసుకి బదులు 256 అడ్రసులకి తలుపు తీస్తుంది. రాత సరిగా ఉందా లేదా అన్నదే దానికి కావాలి. అందుకే "ఓకే" వచ్చిందని వదిలేయొద్దు, జాబితాని మళ్లీ తెప్పించి చదవండి.

జాబితా అంటే ఏటో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. 1/70 చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకి బదిలీ కానివ్వదు. మందస కొండ కింద మా ఊరు ఆ షెడ్యూలులో లేదు. ఊరంతా సవరలమే, అయినా లేదు. ట్రాన్స్‌ఫర్ అన్న మాట అక్కడా ఇక్కడా ఒకటేనని మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

అందుకేనేమో, కొత్త సర్వర్ చేతికొస్తే ఉండాల్సిన ఏ పేరు లేదో ముందు వెతుకుతాను. రెండో సర్వర్ అడ్రసు మారి జాబితాలో చేరకపోతే దానికి కాపీ రాదు. గడువు తీరేదాకా పాత జవాబులే చెప్తుంటుంది, తర్వాత చెప్పడమే మానేస్తుంది. అప్పటిదాకా ఎవరికీ తెలీదు.

ఆసక్తి ఉంటే ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసి బైండ్ పెట్టుకోండి, ఉచితమే. జాబితాలో లేని ఇంకో మెషీన్ నుంచి డిగ్ కమాండ్‌తో ఏఎక్స్ఎఫ్ఆర్ అడగండి. "ట్రాన్స్‌ఫర్ ఫెయిల్డ్" అనాలి. చిక్కుపడితే ఎర్రర్ లైను ఇక్కడ పెట్టండి. ఫోటో తీసి కాదు, కాపీ చేసి.