చెరువు అంచున

హైదరాబాదు నుండి పటాన్‌చెరు వెళ్ళే దారిలో మియాపూర్ దాటాక కుడివైపునకు తిరిగితే అమీన్‌పూర్ వస్తుంది. ఒకప్పుడు పొలాల మధ్యనున్న గ్రామం. ఇప్పుడు ఏ వైపు చూచినా మేడలే. ఆ మేడల నడుమ ఒక పెద్ద చెరువు ఉన్నది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో తవ్వించారని చెబుతారు. మేము ఆ చెరువుకు దగ్గరలో కాపురం పెట్టిన కొత్తలో, దోమలు వస్తాయని అటువైపు కిటికీ మూసే ఉంచేవాళ్ళం. దానిని తెరిపించింది మా మామయ్యగారు.

ఆయన పల్లెలో వ్యవసాయం చేసినవారు. పట్నం వచ్చాక పొద్దు గడవక, తెల్లవారగానే మనవడి చెయ్యి పట్టుకొని చెరువు కట్ట మీదికి వెళ్ళేవారు. తిరిగి వచ్చాక వాడు నాతో చెప్పే పేర్లు విని ఆశ్చర్యపోయేదాన్ని. బుడబుంగ, నీటికాకి, నత్తగుల్ల కొంగ, కంకణం! నేను చదివిన పాఠాలలో కొంగ ఒక్కటే ఉండేది. ఒకనాడు వంట ఆలస్యమైతే అయిందని నేనూ వారితో బయలుదేరాను.

ప్రియ పాఠకులారా, శీతాకాలపు ఉదయాన ఆ చెరువును మీరు ఒక్కసారి చూడాలి. సూదితోక బాతులు హిమాలయాల అవతలి చలి దేశాల నుండి వస్తాయి. వేసవి ముదరకముందే తిరుగు ప్రయాణం కడతాయి. కొన్ని సంవత్సరాలు రాజహంసలు కూడా దిగాయి. అవి మేత మేసే తీరు వింతగా ఉంటుంది. తలను తలక్రిందులు చేసి ముక్కును నీటిలో ముంచి, బురదనీటిని పీల్చి, మనం జల్లెడ పట్టినట్లు పురుగులను, నాచును పట్టుకొని నీటిని వదిలేస్తాయి. ఎర్రకాళ్ళ కొంగ అయితే సగం తెరిచిన ముక్కును నీటిలో పెట్టి అటూ ఇటూ ఆడిస్తూ నడుస్తుంది. చేప తగిలిందా, ముక్కు టక్కున మూసుకుంటుంది. కంటితో వెతకవలసిన పని లేదు.

2016 నవంబరులో ప్రభుత్వం ఈ చెరువును జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. దేశంలో పట్టణపు చెరువుకు అటువంటి గుర్తింపు దక్కడం అదే మొదటిసారి. మా వీధిలో అందరం గర్వపడ్డాం. ఇక ఈ పక్షులకు ఏ లోటూ ఉండదనుకున్నాం.

2020 అక్టోబరులో కురిసిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. చెరువు అంచుల దాకా నిండింది. కట్ట మీద నిలబడి చూస్తే సముద్రంలా ఉన్నది. ఎన్నాళ్ళకు నిండిందోనని నేను సంబరపడుతుంటే మామయ్యగారు తల అడ్డంగా ఊపారు.

"అమ్మా, చెరువు నిండితే మనకు పండుగే. ఈ పొడుగు కాళ్ళవాటికి మాత్రం పస్తు" అన్నారు.

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆ చలికాలంలో అర్థమైంది. గూడబాతులు ఈదాయి, నీటికాకులు మునిగాయి, బొల్లికోళ్ళు గుంపులుగా తిరిగాయి. కానీ ఉల్లంకి పిట్టలు, కంకణాలు, ఎర్రకాళ్ళ కొంగలు మునుపటిలా కనబడలేదు. వాటికి కావలసింది లోతు నీరు కాదు. ఒకదానికి మోకాలి లోతు, మరొకదానికి చీలమండ లోతు, ఇంకొకదానికి ఒట్టి తడి బురద. వేసవికి నీరు మెల్లగా వెనక్కు తగ్గుతుంటే బయటపడే ఆ నల్లని అంచే వాటి అన్నం పళ్ళెం. నీరు గోడల దాకా వచ్చి నిలబడితే ఆ పళ్ళెం మునిగిపోయినట్లే.

వాన నీరైతే ఎప్పటికైనా ఇంకుతుంది, ఎండుతుంది. ఇళ్ళలో నుండి వచ్చే మురుగు అలా కాదు. ఎండాకాలంలోనూ ఆగదు. మేము బట్టలు ఉతికిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు ఎటు పోతున్నాయని నేను ఏనాడూ అడిగినదాన్ని కాదు. ఒకరోజు మనవడిని వెంటబెట్టుకొని మామయ్యగారు మా వీధి కాలువ వెంబడే నడిచి చూచి వచ్చారు. అది ఎక్కడ ఆగిందో వేరే చెప్పనక్కరలేదు. సంబంధిత అధికారులకు మా వీధివారందరం సంతకాలు చేసి ఉత్తరం ఇచ్చాం. చూస్తామన్నారు. రెండోసారి కూడా అదే మాట చెప్పారు.

ఇలా లోపలి నుండి నీరు, బయటి నుండి మేడలు ఆ అంచును తినేస్తున్నాయి. బయటి అంచున బతికేది తీతువు. దాని అరుపు అపశకునమని మన పెద్దలలో కొందరికి భయం. పాపం, అది అరిచేది తన గుడ్ల కోసం. చెట్టు ఎక్కదు, గూడు అల్లదు. గులకరాళ్ళ మధ్య చిన్న గుంటలో రాళ్ళ రంగులోనే నాలుగు గుడ్లు పెడుతుంది. ఇల్లు కట్టకుండా వదిలేసిన స్థలమే దానికి పుట్టిల్లు.

పోయిన ఏప్రిల్‌లో మా ఎదుటి ఖాళీ స్థలంలో పెట్టింది. సరిగ్గా ఆ వారమే అక్కడ పని మొదలు పెట్టాలని మేస్త్రీ వచ్చాడు. మామయ్యగారు అతన్ని నీడలో కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, గుడ్లు చూపించారు. పొదగడానికి నాలుగు వారాలు పడుతుంది. మేస్త్రీ తల గోక్కున్నాడు. "యజమానిగారు ఊరుకోరండీ పెద్దాయనా" అన్నాడు. అయినా ఇటుకలు, ఇసుక ఆ మూలకు పోకుండా చుట్టూ నాలుగు పెద్ద రాళ్ళు పెట్టించాడు. యజమానితో ఏమి మాట్లాడాడో తెలియదు గాని, ముందు బోరు వేయించి, ప్రహరీ పని రెండో వైపు నుండి మొదలు పెట్టాడు. మా అబ్బాయి రోజూ బడికి పోతూ, వస్తూ లెక్క చూచుకునేవాడు. మధ్యలో ఒక గుడ్డు పోయింది. ముంగిస పని అయి ఉంటుంది.

మే నెలలో ఒక ఉదయం చూస్తే గుంట ఖాళీ. మూడు దూదిపింజెల్లాంటి పిల్లలు తల్లి వెనుక పరుగెడుతూ రోడ్డు దాటుతున్నాయి. అవి పుట్టిన రోజే నడుస్తాయట. మామయ్యగారు చేతికర్ర అడ్డం పెట్టి ఒక ఆటోను ఆపారు. ఆటో అబ్బాయి దిగి, తనూ నిలబడి చూశాడు.

మరునాడు ఆ స్థలంలో పునాదులకు ముగ్గు పోశారు. సాయంత్రం దాకా తీతువులు చెరువు కట్ట మీద అరుస్తూనే ఉన్నాయి. ఆ రాత్రి కిటికీ తెరిచే ఉంచాం.