అడిగితే చెప్పేదాన్నిగా!

మా అమ్మాయి హైదరాబాదులో ఎమ్మే సోషియాలజీ చదువుతోంది. మొన్న వేసవి సెలవులకి వస్తూ ఓ కాగితాల కట్ట పట్టుకొచ్చింది. నేను ఆవకాయకి మెంతులు వేయిస్తుంటే పక్కనే పీట వాల్చుకుని కూచుని, "అమ్మా, ఫేస్‌బుక్‌లో వంటల గ్రూపులో మన ఆడవాళ్ళు ఏమేం రాసుకుంటారో, అదే నా ప్రాజెక్టు" అంది.

"అదీ ఒక చదువేనా?" అన్నాను.

"అలా తీసిపారేయకు. ఇదివరకు జనం సంగతి తెలియాలంటే ఇంటింటికీ తిరిగి అడగాల్సొచ్చేది. ఇప్పుడు వాళ్ళంతట వాళ్ళే రాస్తున్నారు" అని మొదలుపెట్టింది. 2011లో అమెరికాలో కార్నెల్ యూనివర్శిటీ వాళ్ళిద్దరు, 84 దేశాల్లో 24 లక్షల మంది ట్విట్టర్‌లో రాసిన మాటలు కంప్యూటర్‌తో లెక్కగట్టి ఒక పరిశోధన అచ్చువేశారట. పొద్దున్నే మనుషులు హుషారుగా ఉంటారట. పగలు గడిచేకొద్దీ అది తగ్గుతుందట. సెలవురోజుల్లో ఆ పొద్దుటి హుషారు ఓ రెండు గంటలు ఆలస్యంగా వస్తుందట!

నాకు నవ్వాగలేదు. "అయిదింటికి లేచి క్యారేజీలు సర్దేవాళ్ళని కూడా లెక్కేశారా?" అన్నాను.

"ఇంగ్లీషులో రాసినవాళ్ళనే చూశారమ్మా. అసలు రాయనివాళ్ళు లెక్కలోకే రారు. ఈ పద్ధతిలో ఉన్న లోటే అది" అని ఒప్పుకుంది.

తర్వాత తన కాగితాలు చూపించింది. పేర్లన్నీ తీసేసి గృహిణి 1, గృహిణి 2 అని వేసుకుంది. ఏ మాట దేని గురించో పచ్చళ్ళు, పిండివంటలు, పిల్లల చదువులు అని కంప్యూటరు విడదీసింది. సరదాగా చదువుతూ పోతున్నాను. గృహిణి 47 దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

"ఈ ఏడు రెండు జాడీలే పెట్టాను. వాడు ఫోన్ చేసి మూడేళ్ళయింది. వాడి ఒడుగు పంచె చింపి వాసెన కట్టాను."

కంప్యూటరు దాన్ని పచ్చళ్ళలో వేసింది!

ఆ పసుపు అంచు పంచెతో వాసెన కట్టిన జాడీని నేను మా వీధి చివరి పిన్నిగారింట్లో చూశాను. గ్రూపులో ఆవిడ వేరే పేరుతో రాస్తున్నారన్నమాట. మాతో మాత్రం "మావాడికి ఒకటే పని, ఈసారీ సెలవు దొరకలేదు" అంటూంటారు. ఆవిడ ట్రంకుపెట్టె తీసి ఉత్తరం దొంగతనంగా చదివినట్టయింది నాకు.

"ఇది తీసెయ్యవే" అన్నాను.

"అందరికీ కనిపించే గ్రూపేగా అమ్మా. పేరు కూడా లేదు."

"పేరు లేకపోయినా నేను పోల్చుకున్నానా లేదా? వీధరుగు మీద కూచుని ఏడుస్తున్న మనిషి దారిన పోయేవాళ్ళకి కనిపిస్తుంది. అంతమాత్రాన ఫోటో తీసి నీ క్లాసులో చూపిస్తావా?"

అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే చెప్పింది. 2008లో అమెరికాలో ఒక కాలేజీ విద్యార్థుల ఫేస్‌బుక్ వివరాలని, పిల్లల పేర్లూ కాలేజీ పేరూ దాచి, పరిశోధకులు బయటపెట్టారట. కొద్దిరోజుల్లోనే అది హార్వర్డ్ అని ఒకాయన పోల్చేశారట. 2012 జనవరిలో ఇంకో విడ్డూరం. ఫేస్‌బుక్ వాళ్ళు 6,89,003 మందికి కనిపించే కబుర్లలో, కొందరికి సంతోషం మాటలు తగ్గించి, కొందరికి దుఃఖం మాటలు తగ్గించి, వాళ్ళ రాతలు మారతాయేమోనని ఒక వారం చూశారట. మారింది చాలా కొంచెమే. కానీ మీ మీద ఈ ప్రయోగం చేస్తున్నామని వాళ్ళెవరికీ చెప్పలేదు. 2014లో అది అచ్చయ్యాక పెద్ద గొడవైందట.

"మరి నువ్వు చేస్తున్నదేమిటి?" అన్నాను. పిల్ల మొహం చిన్నబోయింది.

మర్నాడు ఇద్దరం పిన్నిగారింటికి వెళ్ళాం. అమ్మాయే దాచకుండా అంతా చెప్పింది. ఆవిడ మొహం పాలిపోయింది. "పేరు మార్చుకుంటే ఎవరికీ తెలియదనుకున్నానమ్మా" అన్నారు. కాళ్ళకింద నేల కదిలినట్టయింది నాకు. చాలాసేపటికి మా అమ్మాయి చెయ్యి పట్టుకుని, "అడిగితే నేనే చెప్పేదాన్నిగా తల్లీ. అడిగేవాళ్ళేరీ?" అన్నారు. ఆ సాయంత్రం దీపాలు పెట్టేవేళ దాకా కొడుకు గురించి చెబుతూనే ఉన్నారు. మూడు లైన్లలో అంత ఉందని ఏ కంప్యూటరు చెబుతుంది?

మా అమ్మాయి గ్రూపులో తన పేరూ ప్రాజెక్టు సంగతీ రాసి, ఒప్పుకున్నవాళ్ళ మాటలే తీసుకుంది. లెక్క బాగా తగ్గింది. మార్కులు పోతాయేమోనని దాని బెంగ. "పోతే పోనీలే" అన్నాను. కొందరు మాత్రం తమంతట తామే ఫోన్ చేసి గంటలకొద్దీ మాట్లాడారట.

మీరూ ఏ గ్రూపులో రాసినా, అది అందరికీ కనిపించేదా, సభ్యులకేనా అని ఒకసారి చూసుకోండి. పక్కింటావిడ రెండు జాడీలే పెట్టారని తెలిస్తే, ఎందుకని ఓసారి వెళ్ళి అడగండి.

అన్నట్టు, ఇదంతా పిన్నిగారికి చదివి వినిపించాను. "ఊరూ పేరూ రాయకు, మిగతాదంతా ఉండనీ" అన్నాకే పంపుతున్నాను.